థార్ ఎడారిలో ఒంటరిగా ఒక రాత్రి టెంట్: 5 లీటర్ల నీళ్లు సరిపోతాయా?

కృష్ణలంక నడక (విజయవాడ)

అందరికీ నమస్తే. డిసెంబరు రెండో వారంలో జైసల్మేర్ వెళ్తున్నాను. అక్కడ పర్యాటకులు వెళ్లే ఇసుక తిన్నెల ఊరు సమ్ దగ్గర రిసార్టు టెంట్లలో ఉండటానికి కాదండీ. బ్యాగు వీపున వేసుకుని ఒక్కణ్ణే ఇసుక తిన్నెల్లోకి నడిచి, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ రోడ్డెక్కాలని ఉంది. నల్లమలలో, అరకులో గుంపుతో నడవడం అలవాటే, టెంట్ వేయడం వచ్చు. ఎడారి మాత్రం బొత్తిగా కొత్త.

ఇప్పటికి అనుకున్నది ఇదీ. మధ్యాహ్నం 1 గంటకి సమ్ రోడ్డు మీద దిగి పడమరగా 12 కిలోమీటర్లు లోపలికి నడవడం, మర్నాడు అదే దారిన వెనక్కి రావడం. సామాను: ఇద్దరు పట్టే డోమ్ టెంట్ (8 ఇనప మేకులతో), 10 డిగ్రీలు అని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగ్, ఫోమ్ చాప, చిన్న గ్యాస్ డబ్బా స్టవ్, 5 లీటర్ల నీళ్లు, దారిలో దొరికే నీళ్లకి ఫిల్టర్, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు. అమెరికా నుంచి వచ్చే బావగారు శాటిలైట్ మెసెంజర్ తెస్తానన్నారు. మొత్తం బరువు 13 కిలోలు వస్తోంది.

నీళ్లు చాలతాయా? ఇసుకలో టెంట్ మేకులు నిలబడతాయా? పాముల సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట దిక్సూచి (గుంటూరు)

తమ్ముడూ, నీళ్లూ టెంటూ తర్వాత. ముందు మూడు విషయాలు సరిచేసుకో, లేకపోతే ఇసుక దాకా వెళ్లకముందే ప్రయాణం ఆగిపోతుంది.

ఒకటి, బావగారికి ఇవాళే ఫోన్ చేసి ఆ శాటిలైట్ పరికరం తేవద్దని చెప్పు. మన దేశంలో శాటిలైట్ ఫోను గానీ, శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే పరికరం గానీ టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. దాన్ని తెచ్చిన విదేశీ పర్యాటకులు ఎయిర్‌పోర్టుల్లోనే పట్టుబడి కేసుల పాలయ్యారు. నువ్వు వెళ్లేది పాకిస్తాన్ సరిహద్దు జిల్లా. అక్కడ నీ బ్యాగులో అది కనపడితే సరదాగా నడవడానికి వచ్చానంటే ఎవరూ వినరు. డ్రోను కూడా వద్దు.

రెండు, గ్యాస్ డబ్బా. విమానంలో చేతి సంచిలోనూ చెక్-ఇన్ సామానులోనూ నిషేధం, రైల్లోనూ నిషేధమే. ఒక్క రాత్రికి స్టవ్ అసలు అక్కర్లేదు. వండాలంటే నీళ్లు కావాలి, నీళ్లంటే బరువు. స్టవ్వూ గిన్నే డబ్బా మానేస్తే కిలో దాకా తగ్గుతుంది, ఆ కిలో నీళ్లు మోసుకో.

మూడోది అన్నిటికన్నా పెద్దది: నీ దారి. సమ్ నుంచి పడమరగా వెళ్తే నువ్వు నడిచేది డెజర్ట్ నేషనల్ పార్కు వైపు, ఇంకా ముందుకి సరిహద్దు వైపు. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల పార్కు అది. బట్టమేక పిట్టకి దేశంలో మిగిలిన ప్రధానమైన ఆశ్రయం అదే. మన రాష్ట్రంలో రోళ్లపాడు అభయారణ్యాన్ని ఆ పిట్ట కోసమే పెట్టుకున్నాం, ఇప్పుడు అక్కడ దాని జాడ లేదు. దేశం మొత్తం మీద రెండు వందల లోపే ఉన్నాయి. నేల మీద ఒకే గుడ్డు పెట్టే పిట్ట అది, మనిషి అలికిడికి చోటు వదిలేస్తుంది. కాబట్టి పార్కు మూసి ఉంచిన భాగాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా టెంట్ వేయాలన్న ఆలోచనే పెట్టుకోకు. సరిహద్దుకి దగ్గరగా ఉన్న ఊళ్లు నోటిఫైడ్ ప్రాంతం కిందకొస్తాయి, బయటి జిల్లాలవాళ్లకి జైసల్మేర్ ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) కార్యాలయం అనుమతి కావాలి. సరిహద్దు వైపున్న తనోట్ గుడికో లోంగేవాలాకో రోడ్డున వెళ్లి రావడం వేరు, రోడ్డు దిగి రాత్రిపూట ఇసుకలో ఉండటం వేరు. పోఖ్రాన్ వైపు సైన్యం ఫైరింగ్ రేంజి ఉంది, అటు పొరపాటున కూడా పోకూడదు.

చేయాల్సింది ఇది. జైసల్మేర్‌లో దిగిన మొదటి పూట నడక పెట్టుకోకు. పార్కు కార్యాలయానికి వెళ్లి ఏ భాగాలు మూసి ఉన్నాయో మ్యాపు మీద గుర్తు పెట్టించుకో. ఖూరీ వైపు ఊళ్లలో ఒకదాన్ని ఆధారంగా ఎంచుకో. ఖూరీ జైసల్మేర్‌కి నైరుతిలో 50 కిలోమీటర్ల లోపే ఉంటుంది, సమ్ కంటే జనం తక్కువ. ఊళ్లోకి వెళ్లి సర్పంచ్‌కో పెద్దమనిషికో ఎక్కడ పడుకుంటావో చెప్పి అడుగు. నీకు ఖాళీ ఇసుకలా కనపడేది వాళ్ల పశువుల మేత భూమి. కొన్నిచోట్ల ఓరణ్ అని దేవుడి పేరున వదిలిన వనాలుంటాయి, వాటిలో కొమ్మ విరవడం కూడా తప్పు. ఒరిజినల్ ఆధార్ జేబులో ఉండాలి, ఫోటో కాపీ కాదు.

ఇక దూరం. ఇసుకలో బరువుతో గంటకి 2 నుంచి 2.5 కిలోమీటర్లే నడవగలవు. 12 కిలోమీటర్లంటే 5 గంటల పైనే. అక్కడ డిసెంబరులో సూర్యాస్తమయం 5.50 ప్రాంతంలో, ఆ తర్వాత అరగంటలో చిమ్మచీకటి. చీకట్లో తిన్నెల మధ్య చోటు వెతుక్కోవడం కన్నా ప్రమాదం లేదు. పొద్దున మన బెజవాడలోలాగా ఆరున్నరకి వెలుగు రాదు. జైసల్మేర్ మనకంటే దాదాపు 10 డిగ్రీలు పడమరన, అంతే ఉత్తరాన ఉంది, సూర్యుడు వచ్చేసరికి ఏడుంబావు దాటుతుంది. కాబట్టి మొదటిరోజు 6 కిలోమీటర్లు మించకు, అది కూడా తారు రోడ్డు నుంచి ఎప్పుడూ 4 కిలోమీటర్ల లోపే ఉండేలా, రోడ్డుకి సమాంతరంగా. లోపలికి గీత గీసినట్టు పోవడం ఒంటరివాడు చేయాల్సిన పని కాదు.

పటమట నీటిలెక్క (విజయవాడ)

5 లీటర్లు చాలవు. 8 పెట్టుకోండి. ఎందుకో లెక్క చెప్తాను.

రెండు రోజులు కలిపి నడక 6 గంటలనుకోండి. డిసెంబరు ఎండలో 25 డిగ్రీల దగ్గర, బరువుతో గంటకి అరలీటరు పైచిలుకు: 3.5 లీటర్లు. సాయంత్రం టెంట్ పని, భోజనం, రాత్రి, పొద్దున ఫలహారం కలిపి 2 లీటర్లు. చేతులూ కళ్లూ కడుక్కోవడానికి అర లీటరు. ఇక్కడికే 6. మిగతా 2 లీటర్లు ముట్టుకోకూడనివి. కాలు మడతపడి ఒక పూట కదల్లేకపోతే మనల్ని వెతికేవాళ్లు వచ్చేదాకా బతికించేవి అవే. మీ 5 లీటర్ల లెక్క అంతా సవ్యంగా జరిగితేనే సరిపోయే లెక్క, అందులోనూ బిగుతుగా.

మనవాళ్లకి ఒక చిక్కుంది. విజయవాడ ఉక్కలో చెమట కారుతుంటే దాహం తెలుస్తుంది. అక్కడి పొడి గాలిలో చెమట పట్టినట్టే ఉండదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లో నీళ్లు మాత్రం పోతుంటాయి. మూత్రం రంగు చూసుకోండి: ముదురు పసుపు వస్తే ఆగి నీడలో కూర్చుని తాగాలి. నీళ్లు పొదుపు చేద్దామని గుక్కెడు గుక్కెడు తడుపుకోవడం వల్ల లాభం లేదు, సీసాలో మిగిలిన నీళ్లు ఒంటికి పనిచేయవు. పొదుపు చేయాల్సింది చెమటని: 12 నుంచి 3 మధ్య నడక తగ్గించండి, పొడుగు చేతుల వదులు చొక్కా వేసుకోండి, తలకి పంచె చుట్టుకోండి.

దారిలో నీళ్లు దొరుకుతాయన్న మాట మర్చిపోండి. జైసల్మేర్‌లో ఏడాది మొత్తం వాన 200 మిల్లీమీటర్ల లోపు. చాలా చోట్ల భూగర్భ జలం ఉప్పు, కొన్ని చోట్ల ఫ్లోరైడ్ కూడా, మన కనిగిరి వైపు ఉన్నట్టే. మీ ఫిల్టర్ బురదనీ సూక్ష్మజీవుల్నీ ఆపుతుంది గానీ ఉప్పునీ ఫ్లోరైడ్‌నీ ఆపదు, కాచినా పోవు. టాంకా అని నేలలో కట్టిన వాననీటి తొట్లు, బేరీ అని తక్కువ లోతు బావులు కనిపిస్తాయి. అవి ఒక కుటుంబానివో ఊరివో. ప్రాణం మీదకొస్తే తప్ప అడక్కుండా ముట్టుకోకూడదు. ఇందిరా గాంధీ కాలువ తగిలే చోట్ల ఒడ్డు దిగకండి. ఏటవాలుగా సిమెంటు లైనింగ్, పాచి పట్టి ఉంటుంది, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మన బందరు కాలువ రేవు మెట్లలాంటివి అక్కడ ఊహించుకోవద్దు.

సీసాల విషయం. దుకాణంలో కొనే నీళ్ల సీసాలు పల్చన, ముల్లు గుచ్చుకుంటే పోతాయి. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు గ్యాసు ఒత్తిడికి తట్టుకునేలా మందంగా చేస్తారు, అవి కడిగి వాడండి. అలాంటివి మూడు, ఒక లీటరు సీసాలు రెండు. అన్నీ ఒకే సంచిలో పోసుకుంటే ఒక్క చిల్లుతో మొత్తం పోతుంది. నింపాక తలకిందులు చేసి రాత్రంతా వదిలేసి చూడండి, మూత కారేది అప్పుడు తెలుస్తుంది. బ్యాగులో నీళ్లు వీపుకి ఆనుకుని, భుజాల మధ్య ఎత్తులో ఉండాలి. అడుగున పెడితే ఇసుక ఎక్కేటప్పుడు వెనక్కి లాగుతుంది.

కృష్ణలంక నడక (విజయవాడ)

చాలా థాంక్స్ అన్నా, థాంక్స్ పటమట గారూ. పడమర ప్లాన్ వదిలేశాను, ఖూరీ వైపే. శాటిలైట్ పరికరం వద్దని చెప్పేశాను. కానీ 8 లీటర్లంటే మొత్తం 16 కిలోలు వస్తోంది. నా బరువు 64. ఇసుకలో అది మోయగలనా?

పటమట నీటిలెక్క (విజయవాడ)

64 కిలోల మనిషికి 16 అంటే పాతిక శాతం. గట్టి నేల మీద పర్లేదు, ఇసుకలో కష్టమే. స్టవ్ సామాను తీసేస్తే 15 అవుతుంది. అక్కడి నుంచి తగ్గించే మార్గం నీళ్లు మానడం కాదు, ముందే దాచడం. మిమ్మల్ని దింపే జీపులోనే మర్నాడు మీరు రోడ్డెక్కే చోటు దాకా వెళ్లి, కిలోమీటరు రాయి దగ్గర 2 లీటర్ల సీసా పొద పక్కన ఇసుకలో పూడ్చి, ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకుని ఫోటో తీయండి. ఎండ తగిలేలా పైన పెడితే పశువుల కాపరులకో కుక్కలకో దొరుకుతుంది. అయితే ఒక షరతు: అది దొరక్కపోయినా మీ దగ్గరున్న 6 లీటర్లతో నడక పూర్తవ్వాలి. లేదంటే నడకే కుదించుకోండి.

వెళ్లేముందు ఒక ఆదివారం సూర్యలంక వెళ్లి 15 కిలోలతో నడవండి. అలలు తడిపే గట్టి ఇసుక మీద కాదు, పైన పొడి ఇసుకలో, 5 కిలోమీటర్లు. గంటకి ఎంత నడుస్తున్నారో, ఎన్ని నీళ్లు తాగారో రాసుకోండి. గాలిలో తేమ వేరు గనక నీళ్ల లెక్క అచ్చంగా సరిపోదు, వేగం మాత్రం దాదాపు అంతే. సరుగుడు తోటల ముందు సముద్రపు గాలికి టెంట్ కూడా వేసి చూడొచ్చు. కృష్ణా ఇసుక తిన్నెల మీద మాత్రం రాత్రి ప్రాక్టీసు వద్దు, పైనుంచి నీళ్లు వదిలితే తెలియను కూడా తెలియదు.

అరండల్‌పేట గుడారం (గుంటూరు)

టెంట్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు గనక నేను చెప్తాను. మీ 8 ఇనప మేకులు ఇంట్లో వదిలేయండి. పొడి ఇసుకలో మేకు ఎంత లోతుగా దిగినా, గాలికి తాడు రెండుసార్లు ఊగేసరికి చుట్టూ ఇసుక జారి వదులైపోతుంది.

వాటి బదులు 5 కిలోల బియ్యం వచ్చే చిన్న నేత సంచులు 8 తీసుకెళ్లండి, ఖాళీవి పావుకిలో కూడా ఉండవు. ఒక్కోదాంట్లో సగానికి పైగా ఇసుక పోసి మూతి కట్టండి. సంచి నడుముకి టెంట్ తాడు రెండు చుట్లు చుట్టి ముడేయండి. మోచేతి లోతు, అంటే అడుగుంపావు గుంట తీసి, సంచిని తాడుకి అడ్డంగా పడుకోబెట్టి పూడ్చి, పైన కాలితో గట్టిగా తొక్కండి. తాడు బయటికొచ్చే చోట గుంట గోడకి చిన్న గాడి కొట్టాలి. అది లేకపోతే తాడు సంచిని పైకి లాగుతుంది, పక్కకి కాదు. బిగించాక 45 డిగ్రీల కోణంలో ఒంటి బరువంతా వేసి లాగి చూడండి, కదిలితే లోతు చాలలేదు. నాలుగు మూలలకి నాలుగు, గాలి తాళ్లకి నాలుగు. అన్నీ కలిపి ముప్పావు గంట పడుతుంది, కాబట్టి నాలుగున్నరకల్లా చోటు ఖాయం చేసుకోవాలి. మొదటి సంచి పూడ్చేదాకా బ్యాగు టెంట్ లోపలే ఉండాలి, ఖాళీ డోమ్ టెంట్ చిన్న గాలికే దొర్లిపోతుంది.

చోటు ఎంపికే అసలు పని. తిన్నెకి రెండు వైపులుంటాయి: గాలి వచ్చే వైపు వాలు తక్కువగా, ఇసుక గట్టిగా ఉంటుంది. రెండో వైపు నిటారుగా, 33, 34 డిగ్రీల వాలుతో, అడుగు పెడితే జారే ఇసుక. నిటారు వైపు అడుగున గాలి తగలదు కదా అని చాలామంది అక్కడే వేస్తారు. వద్దు. పైనుంచి ఇసుక రాలి టెంట్ మీద పేరుకుంటుంది, రాత్రి చల్లగాలి కూడా ఆ గుంటలోకే దిగి నిలుస్తుంది. శిఖరం మీదా వద్దు, గాలి కొడుతుంది. రెండు తిన్నెల మధ్య చదును నేలకి ఒక నిలువు ఎత్తు పైన, గాలి వైపు వాలు మొదలయ్యే చోటు మంచిది. ఎండిన వాగు కనపడితే దూరంగా జరగండి. చలికాలంలో పశ్చిమం నుంచి వచ్చే మబ్బులకి అక్కడ అప్పుడప్పుడు వాన పడుతుంది, ఇసుక కింద గట్టి నేల ఉన్న చోట నీళ్లు ఇంకవు, పారతాయి. బయల్దేరే ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి.

ఇంకోటి, జీపులు. సాయంత్రం పర్యాటకుల జీపులు తిన్నెల మీద ఎగిరి దూకుతుంటాయి. శిఖరం అవతల టెంట్ ఉందని డ్రైవరుకి కనపడదు. టైరు జాడ కనపడ్డ తిన్నె మీద, దాని పక్కన కూడా పడుకోవద్దు. పాములకంటే ఇదే నాకు ఎక్కువ భయం.

నేల మీద చాప పరిచేముందు అరచేతితో ఇసుక పైపొర జల్లెడ పట్టినట్టు తడమండి. మన పల్లేరుకాయలే అక్కడా ఉంటాయి. భురట్ అనే గడ్డి కాయలు మేజోళ్లకి పట్టుకుంటే పీకినకొద్దీ ముళ్లు వేళ్లలో ఉండిపోతాయి, బ్యాగులో చిన్న పట్టకారు ఉంచుకోండి. సర్కారు తుమ్మ, రేగు పొదల పక్కన గాలి పరుపు వేస్తే ముల్లు దిగి తెల్లారేసరికి అది నేలకి అంటుకుని ఉంటుంది. ఖేజ్రీ అని వాళ్లు పిలిచేది మన జమ్మి చెట్టే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. దాని కోసం 1730లో ఖేజర్లీలో 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. చలిమంట కోసం దాని ఎండు కొమ్మ కూడా ఏరకండి.

చలి. జైసల్మేర్ ఊళ్లో డిసెంబరు రాత్రి 8, 10 డిగ్రీలు మామూలు. బయట ఇసుకలో అంతకంటే తగ్గుతుంది, చలిగాలులు వచ్చిన రోజుల్లో 2, 3 దాకా పోతుంది. గాలిలో తేమ లేదు, మబ్బు లేదు, నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. ఇసుక పైపొర పొద్దుగూకిన గంటలోనే చల్లబడిపోతుంది. మీ 10 డిగ్రీల బ్యాగు చాలదు. దాని మీద రెండు మూడు అంకెలుంటాయి: 'కంఫర్ట్' అని రాసినదే చూడండి, 'లిమిట్' అన్నది ముడుచుకుని గడపగలిగే అంకె. కంఫర్ట్ 0 డిగ్రీలు ఉన్నది కావాలి. బ్యాగు అడుగు మన బరువుకి అణిగిపోయి వేడి నిలపదు కాబట్టి చాప మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాలి. ఫోమ్ చాప కింద, దాని మీద గాలి పరుపు, రెండూ ఉంటే నిశ్చింత. మంకీ క్యాప్, ఉన్ని మేజోళ్లు, పడుకోవడానికి వేరే పొడి బనియను. నడిచిన బట్టల్లో ఉప్పూ చెమటా ఉంటాయి, వాటితో పడుకుంటే తెల్లవారుజామున వణుకు పుడుతుంది. ఫోనూ పవర్ బ్యాంకూ స్లీపింగ్ బ్యాగు లోపల కాళ్ల దగ్గర పెట్టుకోండి, చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది.

జిప్పులో ఇసుక పడితే నూనె రాయకండి, ఇసుక అతుక్కుని పళ్లు అరిగిపోతాయి. పాత టూత్‌బ్రష్‌తో దులపండి. టెంట్ కర్రల అతుకులు కూడా ఊడదీసేముందు తుడవాలి.

లబ్బీపేట డాక్టరమ్మ (విజయవాడ)

పాముల గురించి అడిగారు. అక్కడ చూసుకోవాల్సింది చిన్న పింజరి. జానెడు మూరెడు పాము, ఇసుక రంగు, పక్కకి పాకుతుంది, పొలుసులు రుద్దుకుని గరగరమని శబ్దం చేస్తుంది. ఇసుకలో తల మాత్రం బయట పెట్టి పడుకుంటుంది. డిసెంబరు చలికి కదలిక బాగా తక్కువ, కానీ వెచ్చగా ఉన్న సాయంత్రాలు బయటికొస్తుంది. ఎర్ర తేలు కూడా ఉంటుంది. చీకటి పడ్డాక టార్చి లేకుండా ఒక్క అడుగు వేయొద్దు, మూత్రానికి లేచినా సరే. బూట్లు టెంట్ లోపలే పెట్టుకోండి, తొడిగేముందు బోర్లించి కొట్టండి. బయట వదిలేస్తే నక్క ఎత్తుకుపోయే అవకాశం కూడా ఉంది. పుల్లలు ఏరడానికి, పొద కింద ఏదన్నా తీయడానికి చేయి పెట్టకండి. టెంట్ లోపలి జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి.

కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం వద్దు. ఉంగరం, వాచీ తీసేసి, కరిచిన కాలో చేయో కదలకుండా కర్రతో, గుడ్డతో వదులుగా కట్టుకుని 112కి ఫోన్ చేయాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోకూడదు. ఈ పాము విషం రక్తం గడ్డకట్టనివ్వదు, ఆ మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. సిగ్నల్ లేకపోతే? తోడున్నవాడికి కదలకుండా పడుకోమని చెప్తాం. ఒంటరివాడికి ఆ వీలు లేదు, నీళ్లూ ఫోనూ మాత్రం తీసుకుని, పరిగెత్తకుండా, ఆగి ఆగి రోడ్డుకో సిగ్నల్ దొరికే ఎత్తుకో నడవడమే. రోడ్డు 4 కిలోమీటర్ల లోపు ఉండాలని బ్రాడీపేట ఆయన చెప్పినదాని విలువ అక్కడ తెలుస్తుంది.

ఓఆర్ఎస్ పాకెట్లు 3 పెట్టుకోండి. పెద్ద పాకెట్ ఒకటి సరిగ్గా ఒక లీటరుకి. రుచి కోసం అరలీటరులో కలిపితే చిక్కనై కడుపులో తిప్పి, మేలుకంటే కీడే. గంటల తరబడి నడుస్తూ ఒట్టి నీళ్లే లీటర్లకి లీటర్లు తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, తికమక మొదలవుతాయి. అది నీళ్లు చాలక వచ్చిందనుకుని ఇంకా తాగేస్తారు. ప్రతి రెండు గంటలకి ఉప్పగా ఏదో ఒకటి నమలండి. జంతికలు, చెక్కలు, కారప్పూస చక్కగా పనికొస్తాయి.

తిండి ముప్పావు కిలో చాలు: సున్నుండలు, పల్లీ చిక్కీ, జంతికలు, పొడి అటుకులు, జైసల్మేర్‌లో కొనుక్కునే ఖాక్రాలు (కరకరలాడే పల్చటి రొట్టెలు). పడుకోబోయే ముందు రెండు సున్నుండలు తింటే రాత్రి ఒంట్లో వేడి నిలుస్తుంది. ఆవకాయ, గోంగూర మీద ఎంత ప్రేమున్నా ఈ ఒక్క రాత్రికి వదిలేయండి, దాహం పెరుగుతుంది, నూనె కారితే స్లీపింగ్ బ్యాగ్ పాడు.

పాదాలు: జాలీ ఉన్న రన్నింగ్ బూట్లలోకి సన్న ఇసుక దిగి, మేజోడు గరుకు కాగితం అయిపోతుంది. మూసి ఉన్న బూట్లు వేసుకుని, ప్యాంటు అంచు మేజోడు లోపలికి దోపండి. గంటకోసారి కూర్చుని దులపండి. మంట పుట్టిన చోట బొబ్బ లేవకముందే మైక్రోపోర్ టేపు వేయాలి.

కృష్ణలంక నడక (విజయవాడ)

డాక్టరు గారూ, అరండల్‌పేట అన్నా, ఇంత వివరంగా రాసినందుకు నిజంగా ధన్యవాదాలు. 0 డిగ్రీల బ్యాగు అద్దెకి దొరుకుతుందేమో చూస్తున్నాను. ఇక రెండే సందేహాలు. తిన్నెలన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఫోన్ చచ్చిపోతే దారి ఎలా? ఇంట్లోవాళ్లకి ఏం చెప్పి వెళ్లాలి?

బ్రాడీపేట దిక్సూచి (గుంటూరు)

తమ్ముడూ, మంచి ప్రశ్నలు. ఫోన్‌తో పాటు చిన్న దిక్సూచి మెడలో వేసుకో. అక్కడ అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా లెక్కలోకి రానంత తక్కువ, సూది చూపిందే ఉత్తరం అనుకోవచ్చు. థార్‌లో ఇసుకని తోసేది ముఖ్యంగా వేసవి నైరుతి గాలి, అందుకని పొడవాటి తిన్నెలు చాలాచోట్ల నైరుతి నుంచి ఈశాన్యానికి సాగి ఉంటాయి. వాటి వెంట నడిస్తే సుఖం, వాటిని దాటుతూ నడిస్తే ఒక్కో తిన్నెకీ ఎక్కడం దిగడం. దారి గీసుకునేటప్పుడే ఇది చూసుకో.

వెనక్కి వచ్చేటప్పుడు రోడ్డు మీద జీపు దిగిన చోటుకే గురి పెట్టకు. కొంచెం తప్పితే రోడ్డెక్కాక కుడికా ఎడమకా తెలియదు. కావాలని అరకిలోమీటరు ఎడమకి గురి పెట్టి నడువు, రోడ్డు తగలగానే కుడికి తిరుగు. గాలిమరలు, కరెంటు స్తంభాల వరసలు మంచి గుర్తులు. మొదటిరోజు నడుస్తూ గంటకోసారి వెనక్కి తిరిగి ఫోటో తీయి, వచ్చేటప్పుడు నీకు కనపడేది ఆ వైపే.

రాత్రి ఉత్తరం కావాలంటే ధ్రువనక్షత్రం. విజయవాడలో అది దిగంతానికి పదహారున్నర డిగ్రీల ఎత్తులో మసకలో ఉంటుంది, అక్కడ 27. చేయి చాపి పిడికిలి పట్టి చూస్తే ఒక పిడికిలి దాదాపు 10 డిగ్రీలు, కాబట్టి రెండున్నర పిడికిళ్ల పైన వెతుకు. డిసెంబరు సాయంత్రం సప్తర్షులు కనపడవు, అర్ధరాత్రి ప్రాంతానికి ఈశాన్యంలో పైకొస్తాయి. అప్పటిదాకా శర్మిష్ఠ నక్షత్రాలు చూడు, ఉత్తరాన పైన ఎం అక్షరంలా ఐదు చుక్కలు. అయితే ఇది దిక్కు పోల్చుకోవడానికే. రాత్రి నడవడానికి కాదు. దారి తప్పాననిపిస్తే ఉన్నచోటే ఆగి తెల్లారేదాకా కూర్చో.

ఇంట్లో చెప్పడం కాదు, రాసి ఇవ్వు. ఒక కాగితం మీద: జీపు దిగే చోటు, రాత్రి పడుకునే చోటు, మర్నాడు రోడ్డెక్కే చోటు, మూడింటి లొకేషన్ అంకెలు. టెంట్ రంగు, వేసుకున్న చొక్కా రంగు. జీపు డ్రైవరు నంబరు, ఊళ్లో మాట్లాడిన పెద్దమనిషి నంబరు, జైసల్మేర్ హోటల్ నంబరు. దాని ఒక కాపీ విజయవాడలో ఇంట్లో, ఒకటి హోటల్లో. తర్వాత గంటలు: సాయంత్రం టెంట్ వేశాక సిగ్నల్ ఉంటే ఒక మెసేజ్, లేకపోతే లేదు, దానికి ఎవరూ కంగారు పడక్కర్లేదు. మర్నాడు మధ్యాహ్నం 12కి రోడ్డెక్కి ఫోన్. రాకపోతే 1 గంటకి ఇంట్లోవాళ్లు జీపు డ్రైవరుకి చేయాలి, అతను రోడ్డు వెంట వచ్చి చూడాలి, ఈ మాట ముందే మాట్లాడుకుని డబ్బు కూడా ముందే ఇచ్చేయి. 3 గంటలకి కూడా జాడ లేకపోతే హోటల్ ద్వారా జైసల్మేర్ పోలీసులకి. డిసెంబరులో వెతకడానికి వెలుగు ఇంకా మూడు గంటలే ఉంటుంది, అందుకే 3 దాటనివ్వకూడదు. ఇక్కడి నుంచి 112 కొడితే మన ఆంధ్ర కంట్రోల్ రూముకి వెళ్తుంది, కాబట్టి జైసల్మేర్ పోలీసు కంట్రోల్ రూము నంబరు అక్కడికి వెళ్లిన రోజే కనుక్కుని ఆ కాగితం మీద రాయించు.

నువ్వు కదల్లేని స్థితిలో ఉంటే టెంట్ దగ్గరే ఉండు. నారింజ రంగు దుప్పటి ఒకటి తిన్నె వాలు మీద పరిచి అంచుల మీద ఇసుక పోసి పెట్టు. ఈల మూడుసార్లు, ఆగి మళ్లీ మూడుసార్లు. చేతి అద్దంతో పొద్దున ఎండని రోడ్డు వైపు తిప్పితే చాలా దూరం కనపడుతుంది. ఈలా అద్దమూ బ్యాగులో కాదు, చొక్కా జేబులో పెట్టుకో.